చదివాను అన్న మాట

నోటీసు పొద్దున్నే వచ్చింది. మేస్త్రి అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటూ వంటగదిలో బల్ల దగ్గర కూర్చున్నాడు. కంప్యూటర్ తెరిచి పుట్టలోకి తొంగిచూశాడు. నలుగురూ పేపరు చూసినట్టు అతను రోజూ పొద్దున పుట్ట చూస్తాడు.

పుట్ట సంగతి ముందు చెప్పాలి. చీమ అని ఒక భాష ఉంది. మనుషులు మాట్లాడుకునేది కాదు, యంత్రాలకి పని చెప్పేది. ఈ రకం భాషల్లో పెద్దవి ఏనుగుల్లాంటివి. వాటికి మేత ఎక్కువ, చోటు ఎక్కువ. చీమ చిన్న యంత్రాల కోసం పుట్టింది. లిఫ్టు తలుపుల్లో, తూకం మిషన్లలో, నీళ్ళ పంపుల్లో కూర్చుని చప్పుడు కాకుండా తన పని తాను చేసుకుపోతుంది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు తీరిక దొరికినప్పుడల్లా తలా ఒక చెయ్యి వేసి పెంచుతుంటారు. వాళ్ళు కలుసుకునే చోటు పేరు పుట్ట. చీమ రాతంతా అక్కడే, మాటా ముచ్చటా అక్కడే. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. అన్నీ పెట్టుడు పేర్లే.

పునాది వేసినవాడు కాబట్టి అతన్ని మేస్త్రి అన్నారు. బతుకుతెరువుకి అతను చేసేది లిఫ్టులు బాగుచేసే పని. వేలు నలగకుండా తలుపు మూసుకోవడానికి రాసిన నాలుగు ముక్కలే తర్వాత చీమ అయ్యాయి. పునాది రోజుల్లో పక్కన ఇంకో మనిషి ఉంది. పుట్టలో ఆమె పేరు పంచదార. ఇదే బల్ల మీద, పంచదార డబ్బాకి పట్టిన చీమల్ని దులుపుతూ, భాషకి చీమ అని పేరు పెట్టింది ఆమే. తర్వాత పిల్లలు, ఆ తర్వాత బడిలో లెక్కల టీచరు ఉద్యోగం. ఆమె పుట్టలో మాట రాసి ఏళ్ళు గడిచాయి. పాతవాళ్ళు ఆమెని చచ్చిపోయిన మనిషి అన్నట్టు గౌరవంగా తలుచుకుంటారు. పంచదార మేస్త్రి పెళ్ళామని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

పుట్టలో ఒక మర్యాద ఉంది. ఎవరు ఏది రాసినా, చూసినవాళ్ళు దాని కింద 'చదివాను' అని ఒక్క మాట రాసి పోవాలి. ఒకప్పుడు ఒకామె తన యంత్రం ఆగిపోయిందని మొరపెట్టుకుంటే, అందరూ చూసి, ఇంకొకరు చెప్తార్లే అని ఎవరి దారిన వాళ్ళు పోయారు. గోడకి చెప్పుకున్నట్టయింది ఆమె పని. అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు ఇది. చదివాను అంటే ఒప్పుకున్నానని కాదు, కాదన్నాననీ కాదు. నీ మాట నా చెవిన పడింది అని, అంతే. మరమ్మతుల దగ్గర మాత్రం ఆ మాటకి బరువెక్కువ. ఒకరు రాసిన మరమ్మతుని పాతవాళ్ళలో ఇంకొకరు అక్షరం అక్షరం చూసి చదివాను అంటేగానీ అది చీమలోకి ఎక్కదు. రాసింది మేస్త్రి అయినా అంతే.

ఆ పొద్దున పుట్టలో పడిన నోటీసు ఒక పెద్ద కంపెనీ వకీళ్ళు రాసింది. చీమ తన లోపలి చెత్త ఊడ్చుకునే పద్ధతి మాది, దాని మీద మాకు పేటెంట్ ఉంది, ఇదిగో ఆ పేటెంట్ కాగితం, అని. మేస్త్రి నోటీసూ చదివాడు, పేటెంటూ చదివాడు. సగం అర్థమైంది, సగం కాలేదు. అలవాటు చొప్పున కింద 'చదివాను' అని రాసి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని పోయాడు.

సాయంత్రం వచ్చి చూస్తే నోటీసు కింద చదివాను, చదివాను, చదివాను అని బారు కట్టి ఉంది.

"ఇంతమంది ఉన్నారా ఇంకా," అంది పంచదార, అతని భుజం మీదుగా చూస్తూ.

"పండక్కి రాని చుట్టాలు తగువుకి వస్తారు," అన్నాడు మేస్త్రి.

అప్పటికి అతనికి భయం లేదు. బావ వచ్చాకే మొదలైంది.

బావ అంటే మేస్త్రి అక్క మొగుడు. ఇళ్ళ తగాదాలు, వాటాల తగాదాలు చూసే వకీలు. పేటెంట్ల సంగతి ఆయనకీ కొత్తే. బావమరిది ఫోన్లో చెప్పింది విని, తెలిసిన ఇంకో వకీలుని అడిగి మరీ వచ్చాడు.

"ఏమోయ్ బావమరిదీ, దొంగతనం ఎప్పట్నించి?" అన్నాడు చెప్పులు విప్పుతూ.

"మీ ఇంటి పిల్లనేం ఎత్తుకు రాలేదు బావా. మీరే మా ఇంటి పిల్లని పట్టుకుపోయారు."

"అది దొంగతనం కాదు, శిక్ష. సరే, ఏం ఎత్తుకొచ్చావో నాకర్థమయ్యేట్టు చెప్పు."

మేస్త్రి చెప్పాడు. "యంత్రం పని చేస్తుంటే లోపల చెత్త పడుతుంది. వాడేసిన లెక్కలు, పనికిరాని ముక్కలు. ఊడ్చకపోతే ఇల్లు నిండిపోయి పని ఆగిపోతుంది. పాత భాషలు అందర్నీ బయటికి పంపి, తలుపేసుకుని ఊడుస్తాయి. ఆ కాసేపూ పని బందు. లిఫ్టు తలుపు సగంలో బందయితే ఎట్లా? అందుకని మేం కూర్చున్నవాళ్ళని కూర్చోనిచ్చి, కాస్త కాళ్ళెత్తమని అడిగి, కింద ఊడ్చుకుపోయేట్టు రాశాం."

"అంతేనా?"

"అంతే."

"మా అమ్మ జీవితమంతా అదే చేసింది గదరా. ఉండుంటే ఆవిడ మీదా వేసేవాళ్ళు కేసు." బావ నవ్వి కుర్చీ జరుపుకున్నాడు. "ఏదీ, ఆ నోటీసు చూపించు."

చూశాడు. నోటీసు దాటి కిందికి వచ్చేసరికి ఆయన మొహంలో నవ్వు పోయింది. వేలు తెర మీద పెట్టి, "ఇదేంటి?" అన్నాడు.

మేస్త్రి మర్యాద సంగతి చెప్పాడు.

బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు. "చూడు, తెలియక ఒకడి పొలంలో నడిచావనుకో, అదొక తప్పు. గట్టు మీద బోర్డు చదివి, చదివానని సంతకం పెట్టి, ఆనక నడిచావనుకో, అది వేరే తప్పు. దానికి దెబ్బ మూడింతలు. ఇవాళ్టినించీ మీలో ఎవడు ఆ ఊడ్చే పద్ధతి మీద చెయ్యి వేసినా తెలిసి వేసినట్టే. వాళ్ళు కోర్టులో ఇంకేం నిరూపించక్కర్లేదు. మీరే రాసిచ్చారు. పెట్టుడు పేర్లంటావా, కోర్టు అడిగితే అసలు పేర్లు బయటికొస్తాయి. ఇంతమంది చదువుకున్నవాళ్ళే, ఒక్కడికి తట్టలేదా?"

"మర్యాద బావా అది."

"మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. చెల్లెమ్మ వింటోంది, పూర్తి చెయ్యను. తీసెయ్ ఆ మాట."

"తీస్తే 'తీసేశారు' అని పడుతుంది. ఎవరు తీసిందీ, ఎప్పుడు తీసిందీ కూడా."

"ఎవడు పెట్టాడురా ఈ ఏర్పాటు?"

"నేనే."

బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?"

"తన పేరు మీద. వాళ్ళమ్మ ఇచ్చింది గదా."

"అమ్మయ్య. చెల్లెమ్మకి ఈ చీమల గొడవతో సంబంధం లేదు కదా?"

పొయ్యి దగ్గర గిన్నె మీద మూత పెడుతున్న చప్పుడు ఆగింది.

"లేదు," అన్నాడు మేస్త్రి.

"అదే నీకున్న గొడుగు. నీ జీతం పోవచ్చు, నీ పేరు పోవచ్చు, తల మీద కప్పు మాత్రం పోదు. ఆవిణ్ణి అటువైపు తుమ్మనియ్యకు కూడా."

బావ వెళ్ళాక పంచదార చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "లేదన్నావే," అంది.

"నువ్వు రాసి ఎన్నేళ్ళయింది? లేనట్టే."

"పుట్టలో రాసింది ఎక్కడికీ పోదు. ఆ ఏర్పాటు పెట్టిందీ నువ్వే."

అతను కంప్యూటర్ మూసేశాడు. ఆమె కూడా పొడిగించలేదు. ఆ ఇంట్లో భయం మొదట మాటల్నే తినేసింది.

పుట్టలోనూ అంతే అయింది. వకీళ్ళు అందరి ఇళ్ళల్లోనూ ఉంటారు, లేకపోతే పక్కింట్లో ఉంటారు. ఆ నోటా ఈ నోటా విషయం పాకింది. 'చదివాను' అన్న చోటల్లా 'తీసేశారు' అని పడటం మొదలైంది. వానకి రంగు కారిన గోడలా తయారైంది ఆ పేజీ. తర్వాత మనుషులు కూడా మాయమయ్యారు. రోజూ పొద్దున పలకరించే పేర్లు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. లేనిపోని అనుమానాలు లేచాయి. కొత్తగా చేరిన ఎవరో మామూలుగానే "ఈ ఊడ్చే ఆలోచన మొదట ఎవరికి వచ్చింది?" అని అడిగితే ఒక్కరూ జవాబు చెప్పలేదు. కంపెనీ మనిషేమోనని. ఆ అడిగినవాడు కూడా బెదిరిపోయి తన ప్రశ్న తీసేసుకున్నాడు.

తోక అని ఒకడు ఉండేవాడు పుట్టలో. ఎవరి మాట చివరైనా ఒక వెటకారం తగిలించకపోతే నిద్రపట్టదు వాడికి, అందుకే ఆ పేరు. వాడు పోతూ పోతూ, "శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఇక కంపెనీ ఆజ్ఞ కూడా కావాలి. మా ఆవిడ వద్దంటోంది, ఉంటాను," అని రాశాడు. మామూలప్పుడైతే దాని కింద పదిమంది నవ్వేవాళ్ళు. ఎవరూ నవ్వలేదు. చదివాను అని కూడా ఎవరూ అనలేదు.

మేస్త్రి మటుకు రోజూ చూస్తూనే ఉన్నాడు. పనిలో కూడా అదే ధ్యాస. ఒక ఆస్పత్రిలో లిఫ్టు పైకప్పు మీద కూర్చుని తాళ్ళకి నూనె రాస్తుంటే జేబులో ఫోన్ మోగింది. చెయ్యి జారి నూనె డబ్బా గుంటలోకి పడింది. కింద ఎక్కడో టంగుమంది. ఫోన్ చేసింది వాళ్ళ మేనేజరు.

"నీ పేరు మీద ఏదో కంపెనీ కాగితం వచ్చిందయ్యా ఆఫీసుకి. అంతా బానే ఉందా?"

"బానే ఉంది సార్."

"మన లిఫ్టుల్లో ఉన్నది ఆ చీమేనా?"

"అదే సార్."

"పాములా ఉందయ్యా వరస చూస్తే," అన్నాడు మేనేజరు. నవ్వాడో లేదో తెలియలేదు. ఫోన్ పెట్టేశాడు.

ఆ కాగితం ఒక ఒప్పందం. మేస్త్రి ఇకమీదట ఆ ఊడ్చే పద్ధతిని ముట్టుకోనని, పుట్టలో ఇంకెవర్నీ ముట్టుకోనివ్వనని సంతకం చేస్తే, విడిగా అతని జోలికి రామని కంపెనీ అంటోంది. బావ అటూ ఇటూ తిప్పి చూసి, "కొండని తవ్వి ఎలకని పట్టినట్టుంది గానీ, మన ఎలక బతుకుతుంది. సోమవారం మా ఆఫీసుకి రా, సంతకం పెట్టేద్దాం," అన్నాడు. మేస్త్రి సరేనన్నాడు. కాగితం ఎగిరిపోకుండా పంచదార డబ్బా కింద పెట్టాడు. పెట్టాక ఆ వారంలో మొదటిసారి అన్నం తిన్నట్టు తిన్నాడు.

శనివారం మధ్యాహ్నం చుక్కలమ్మ ఫోన్ చేసింది.

ఆమెకి ఒక చిన్న కర్మాగారం ఉంది. ఆస్పత్రుల్లో రోగికి సీసాలోంచి మందు ఎక్కిస్తారు కదా, ఆ చుక్కలు లెక్కపెట్టి, ఎంత కావాలో అంతే వదిలే పెట్టె తయారుచేస్తుంది. పెట్టె లోపల చీమ. పుట్టలో ఆమె చెయ్యి వేసేది లేదు, వాడుకునే మనిషి. చుక్కల పెట్టెలు చేస్తుంది కాబట్టి చుక్కలమ్మ అన్నారు.

"మేస్త్రి గారూ, మీ నంబరు కోసం నానా తిప్పలు పడ్డానండి. పుట్టలో రెండుసార్లు రాశాను, తిరిగి పలికినవాళ్ళు లేరు."

మేస్త్రి చూశాడు ఆ రాతలు. భయపడి తెరవలేదు. ఆ మాట చెప్పలేదు. "ఏమైందమ్మా?" అన్నాడు.

"పెట్టె ఆగిపోయిందండి. ఆగితే గంట కొట్టాలి గదా, కొట్టలేదు. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. మందు వెళ్ళట్లేదు. నర్సమ్మ దుప్పటి సర్దుతూ అనుమానం వచ్చి చూసింది కాబట్టి సరిపోయింది. మా వాళ్ళు లోపల అంతా చూశారు. చుక్కల లెక్క ఉండాల్సిన చోట ఏమీ లేదంటున్నారు. ఎవరో తుడిచేసినట్టు."

ఆ చివరి మాట వినగానే మేస్త్రికి జాడ తెలిసిపోయింది.

"పెట్టెలు వెనక్కి తెప్పించగలవా?"

"ఎక్కడెక్కడికి పోయాయో నాకేం తెలుసండి. నేను అమ్మినవాళ్ళు ఇంకొకళ్ళకి అమ్మారు. అన్నీ పొద్దున పూట పుట్టలోకి చూసి, కొత్త మరమ్మతు ఏదైనా ఉంటే వాటంతటవే తెచ్చుకుంటాయి. ఆ ఏర్పాటు మీరే చెప్పారు గదా, ఇదే మంచిదని." ఆ వెంటనే అడిగింది. "చేస్తారు గదా మేస్త్రి గారూ?"

"చూస్తానమ్మా," అన్నాడు.

ఫోన్ పెట్టి ముందు బావకి చేశాడు. బావ విని, "అయ్యో," అన్నాడు. తర్వాత వకీలు అయ్యాడు. "అది ఆ ఊడ్చే దగ్గరేనా?"

"అక్కడే."

"అయితే నువ్వు ముట్టుకోవు. ఇప్పుడు ముట్టుకుంటే తెలిసి ముట్టుకున్నట్టు, పైగా నోటీసు వచ్చాక, ఒప్పందం చేతిలో పెట్టుకుని. ఒక్కసారి కాదు, మెడలో మూడు ఉరులు. ఆ పెట్టెలు వాడొద్దని ఒక హెచ్చరిక రాసిపారెయ్."

"పెట్టెలు హెచ్చరికలు చదవవు బావా."

"మనుషులు చదువుతారు."

"చదివాను అనడానికే భయపడుతున్నారు, ఇంకేం చదువుతారు?"

బావ నిట్టూర్చాడు. "నేను చెప్పాల్సింది చెప్పాను. ఇంటిదాన్ని తలుచుకో."

మేస్త్రి హెచ్చరిక రాశాడు. ఎవరైనా పేజీ తెరిస్తే పేరు చెప్పకుండా ఒక గుర్తు వెలుగుతుంది కాబట్టి, దాన్ని చూసినవాళ్ళు ఉన్నట్టు తెలుస్తూనే ఉంది. ఒక్క మాట పడలేదు. ఆదివారం పొద్దున కాఫీ కూడా తాగకుండా బల్ల ముందు కూర్చుని ఊడ్చే పద్ధతి రాత తెరిచాడు. తప్పు అనుకున్న చోటే ఉంది. చుక్కల లెక్క ఒక చేతిలోంచి ఇంకో చేతికి మారే క్షణం ఒకటి ఉంటుంది. ఈ చెయ్యి వదిలింది, ఆ చెయ్యి ఇంకా పట్టుకోలేదు. సరిగ్గా ఆ క్షణంలో చీపురు వస్తే, ఇది ఎవరిదీ కాదు అనుకుని ఊడ్చేస్తుంది. నెలల తరబడి రాదు ఆ క్షణం. వచ్చినప్పుడు ఎవరి మంచం పక్కన వస్తుందో చెప్పలేం.

మరమ్మతు చిన్నదే. ఆ చెయ్యి పట్టుకున్నాకే ఈ చెయ్యి వదలాలి. చిన్నప్పుడు బావిలోంచి బిందె అందుకునేటప్పుడు ఎవరైనా చెప్పే మాటే. వీధిలో ఏదో బండి ఆగి, డబ్బాలు దించుతున్న చప్పుడు వినిపిస్తే లేచి కిటికీ తెర కొద్దిగా తొలగించి చూశాడు. గ్యాసు సిలిండర్లు. సిగ్గేసింది. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

రాసి పుట్టలో పెట్టాడు. 'ఇది అత్యవసరం. పాతవాళ్ళు ఎవరైనా చూడండి,' అని కింద రాశాడు.

ఇక కూర్చున్నాడు. చూస్తున్నవాళ్ళ గుర్తు ఒకటి వెలిగింది. ఆరిపోయింది. ఇంకోటి వెలిగింది, కాసేపు ఉంది. అదీ ఆరిపోయింది. వాళ్ళని తప్పుపట్టలేకపోయాడు. ఎవరికి మాత్రం ఇల్లు లేదు, ఎవరికి పిల్లలు లేరు. దొంగచాటుగా ఇంకో పేరు పెట్టుకుని తన రాత కింద తనే చదివాను అని రాసుకుంటే అన్న ఆలోచన కూడా వచ్చింది. తన పుండు తనే చూసుకుని నయమైందని చెప్పుకునే వైద్యుడి బతుకు అది. ఆ ఆలోచనని పక్కకి నెట్టేశాడు.

పంచదార పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఇదంతా చూస్తోంది. ఎర్ర పెన్ను మూత పెట్టింది.

"జరుగు," అంది.

"ఏంటి?"

"జరుగు, చూడనీ."

"నువ్వు చూడకూడదు. బావ ఏం చెప్పాడో విన్నావు గదా."

"చూసినందుకు ఉరేస్తారా? రాస్తే కదా. జరుగు."

అతను జరిగాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏళ్ళు అయింది కదా, మొదట తడబడింది. కొంత కొత్తగా ఉందంది. ఇది ఎప్పుడు మార్చారు అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది. పెదాలు కదిలిస్తూ, వేలు తెర మీద వరస వెంట వరస దించుకుంటూ చదివింది. పిల్లల లెక్కలు చూసేటప్పుడు కూడా ఆమె మొహం అలాగే ఉంటుంది. మేస్త్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె వెనక్కి వెళ్ళి ఒక చోట ఆగింది.

"చీపురు అప్పటికే గదిలో ఉంటే?"

"ఏంటి?"

"చేతులు మారేటప్పుడు చీపురు కొత్తగా గదిలోకి వస్తే నీ మరమ్మతు ఆపుతుంది. అప్పటికే వచ్చేసి, మూలన ఊడుస్తూ ఉంటే? ఇది ఎవరిదని అది అడగడం అయిపోయింది. మళ్ళీ అడగదు."

మేస్త్రి వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. చెవులు వేడెక్కాయి.

"భయంతో రాస్తే ఇలాగే ఉంటుంది," అంది ఆమె. వెటకారంగా అనలేదు. "సున్నా మార్కులు వెయ్యన్లే. దిద్దుకో."

దిద్దాడు. ఆమె మళ్ళీ మొదటినించీ చదివింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. పాత దాన్ని తీసి కొత్తది పెట్టాడు. పెట్టాక ఆమె కుర్చీలోంచి లేవలేదు. తన పాత పేరు తెరిచే మాట కొట్టడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళయినా ఆ మాట వేళ్ళకి గుర్తుంది.

మేస్త్రి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు."

"ఇంకెవరు రాస్తారు? చెప్పు. పేరు చెప్పు, నేను లేస్తా."



"ఇల్లు పోతుంది," అన్నాడు.

"పోవచ్చు. పోకపోవచ్చు."

"మీ అమ్మ ఇచ్చిన ఇల్లు."

"మా అమ్మ ఆఖరి రోజుల్లో పక్కన ఏముందో గుర్తుందా? మంచం పక్కన నువ్వూ నేనూ వంతులేసుకుని కూర్చుని చుక్కలు లెక్కపెట్టాం. పెట్టెలు లేవు అప్పుడు." ఆమె చెయ్యి విడిపించుకోలేదు, అలాగే ఉంచింది. "నాకూ భయంగానే ఉంది."

మేస్త్రి ఆ చెయ్యి వదిలేశాడు.

ఆమె రాసింది. 'పంచదార: చదివాను.'

మరమ్మతు చీమలోకి ఎక్కింది.

కాసేపటివరకూ పుట్టలో అలికిడి లేదు. చచ్చిపోయిందనుకున్న మనిషి లేచి వచ్చి మాట్లాడితే ఎవరికైనా అలాగే ఉంటుంది. తర్వాత కింద ఒక వరస పడింది. తోక రాశాడు. 'చదివాను. మా ఆవిడ స్నానానికి వెళ్ళింది, త్వరగా మాట్లాడండి.' పంచదార నవ్వబోయి నవ్వలేదు. ఇంకెవరూ రాలేదు. ఆ మూడు పేర్లే ఉన్నాయి అక్కడ, వేలు పెట్టి చూపించడానికి వీలుగా.

మర్నాడు పొద్దున బడికి, పనికి తయారవుతుంటే చుక్కలమ్మ దగ్గర్నించి మాట వచ్చింది. 'పెట్టెలు తీసుకుంటున్నాయండి. కనిపించినంతవరకూ అన్నీ తీసుకున్నాయి.' దాని తర్వాత ఇంకేదో రాయబోయి తుడిచేసినట్టుంది. ఆమెకీ వకీలు ఉండి ఉంటాడు.

సోమవారం అది. సంతకం రోజు. పంచదార డబ్బా కింద కాగితం అలాగే ఉంది. డబ్బాలోంచి రాలిన పలుకులకి చీమలు పట్టి కాగితం అంచు మీదుగా నడుస్తున్నాయి. ఇక దాని మీద సంతకం పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. ముట్టుకోనని రాసివ్వాల్సినదాన్ని ముట్టుకోవడం అయిపోయింది.

బావ నంబరు కలిపింది పంచదారే. ఫోన్ బల్ల మీద పెట్టి, ఇద్దరికీ వినపడేట్టు చేసింది.

"ఏం చెల్లెమ్మా, మావాడు బయల్దేరాడా?"

"లేదు అన్నయ్య గారూ. మీతో ఒక మాట చెప్పాలి. వాళ్ళ పుట్టలో పంచదార అని ఒకరు ఉన్నారు. మొదట్నించీ ఉన్నారు. నిన్న మరమ్మతు చూసి, చదివాను అని రాసింది కూడా ఆ మనిషే."

"ఎవరమ్మా ఆ తెలివితక్కువ మనిషి?"

"నేనే."

బావ ఆఫీసులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వచ్చింది. ఎక్కడో కాగితాలు రెపరెపలాడాయి. మేస్త్రి బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు.

చివరికి బావ అన్నాడు, చాలా మెల్లగా. "ఇల్లు నీ పేరు మీదే గదమ్మా ఉంది?"

"నా పేరు మీదే అన్నయ్య గారూ."

"ఇద్దరూ ఇంట్లోనే ఉండండి. ఎవరొచ్చినా ఏమీ మాట్లాడకండి. నేను వస్తున్నా."

ఫోన్ ఆగిపోయింది. పంచదార బడికి ఫోన్ చేసి రాలేనని చెప్పింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక చుట్టూ చూసింది. బల్ల కింద పంచదార పలుకులు, పెన్సిలు చెక్కిన పొట్టు ఉన్నాయి. మూలనున్న చీపురు తెచ్చింది.

"కాళ్ళెత్తు," అంది.

మేస్త్రి ఎత్తాడు. ఆమె కింద ఊడ్చి, చెత్త ఎత్తి, గుమ్మం దాకా ఊడ్చుకుంటూ పోయింది. వీధిలో ఏదో బండి వచ్చి ఆగింది. బావ బండో, ఇంకెవరిదో. మేస్త్రి చెవులు రిక్కించి వింటున్నాడు. కాళ్ళు దించడం మర్చిపోయాడు.